బేస్‌బాల్ ప్రొఫెషనల్స్ బుర్రలో ఏం నడుస్తుంది? ఇచిరోని చూసి నాకు అర్థమైనంత

ప్రశ్న ఇది: "పదిసార్లు బ్యాటింగ్‌కి వచ్చి ఏడుసార్లు అవుటయ్యేవాణ్ని బేస్‌బాల్‌లో గొప్ప ఆటగాడంటారట. ప్రొఫెషనల్ ప్లేయర్లు రోజూ అంత ఫెయిల్యూర్‌ని ఎలా తట్టుకుంటారు? వాళ్ల మైండ్‌సెట్ ఏమిటి? దగ్గర్నుంచి చూసినవాళ్లు చెప్పగలరు."

దగ్గర్నుంచి అంటే నాకు స్టాండ్స్ నుంచే. నేను ఈ ఆట ఆడినవాణ్ని కాదు. తెనాలిలో క్రికెట్ మధ్య పెరిగి, ఉద్యోగానికని సియాటెల్ వచ్చి, ఇక్కడి మెరైనర్స్ జట్టుకి అభిమానినైపోయాను. మా అబ్బాయి కొన్నేళ్లు లిటిల్ లీగ్ ఆడాడు కాబట్టి పిల్లల మైదానాల పక్కన మడత కుర్చీ వేసుకుని కూర్చున్న అనుభవం కూడా బాగానే ఉంది. అందరు ఆటగాళ్ల గురించీ ఒకే మాట చెప్పలేను. నేను ఎక్కువగా చూసింది, చదివింది జపాన్ నుంచి వచ్చి మెరైనర్స్‌కి ఆడిన ఇచిరో సుజుకి గురించి. అందుకే ఈ జవాబు చాలావరకు అతని చుట్టూనే తిరుగుతుంది.

ముందు ఆ పదికి ఏడు లెక్క. అది నిజమే. బ్యాటింగ్ యావరేజ్ .300 ఉంటే, అంటే పదికి మూడు హిట్లు కొడితే, వాడు మంచి బ్యాటరే. (హిట్ అంటే బంతిని కొట్టి, అవుట్ కాకుండా పరుగు దారిలో కనీసం మొదటి మజిలీ, అంటే మొదటి బేస్, చేరడం.) అప్పట్లో నల్లజాతి ఆటగాళ్లకి విడిగా ఉన్న లీగుల్ని పక్కనపెడితే, ఒక సీజన్ మొత్తం మీద .400 దాటిన చివరి మనిషి టెడ్ విలియమ్స్, అది కూడా 1941లో. ఆ తర్వాత ఎవరివల్లా కాలేదు. ఇచిరో అమెరికాలో 19 సీజన్లు ఆడితే అతని కెరీర్ యావరేజ్ .311. హాల్ ఆఫ్ ఫేమ్‌కి (బేస్‌బాల్ మహామహుల జాబితాకి) ఎక్కిన మనిషి కూడా పదిలో దాదాపు ఏడుసార్లు ఉత్త చేతులతోనే తిరిగొచ్చాడన్నమాట.

ఎందుకంత కష్టం? పిచర్ (ఇక్కడి బౌలర్) నిలబడే చోటునుంచి బ్యాటర్ దగ్గరికి 18.44 మీటర్లు. గంటకి 95 మైళ్ల వేగంతో వేసిన బంతి సుమారు 0.4 సెకన్లలో వచ్చేస్తుంది. కొట్టాలా వద్దా అని తేల్చుకోవడానికి అందులో సగం టైం కూడా ఉండదు. పోనీ బాగా తగిలిందే అనుకోండి, సరిగ్గా అక్కడే ఫీల్డర్ ఉంటే అవుటే. కవర్ డ్రైవ్ అద్భుతంగా కొట్టి నేరుగా ఫీల్డర్ చేతిలో పెడితే మనం "అయ్యో" అంటాం కదా, ఇక్కడ అలాంటి అయ్యోలు వారానికి కొన్ని తప్పవు.

మన క్రికెట్‌తో అసలు తేడా ఇంకోటి ఉంది. టెస్టులో సున్నాకి అవుటైన బ్యాట్స్‌మన్ డ్రెస్సింగ్ రూంలో గంటలకొద్దీ కూర్చుని తన ఖర్మ గురించి ఆలోచించుకోవచ్చు. బేస్‌బాల్‌లో సుమారు ఆరు నెలల్లో 162 మ్యాచ్‌లు. మంగళవారం రాత్రి నాలుగుసార్లు వచ్చి నాలుగుసార్లూ అవుటైనవాడు బుధవారం సాయంత్రం మళ్లీ బ్యాట్ పట్టుకోవాలి. దిగులుపడుతూ కూర్చునే తీరిక ఉండదు. కాబట్టి ఫెయిల్యూర్‌ని తట్టుకోవడమంటే గుండె రాయి చేసుకోవడం అని నేననుకోను. అసలు దేన్ని లెక్కపెట్టుకోవాలో ముందే తేల్చుకోవడం అనుకుంటాను. ఇచిరో దగ్గర నాకు కనిపించింది అదే.

1994లో ఇచిరోకి ఇరవయ్యేళ్లు. జపాన్‌లో కోబె నగరపు జట్టు ఓరిక్స్ బ్లూవేవ్‌కి ఆడేవాడు. అప్పుడే కొత్తగా వచ్చిన మేనేజర్ అకిరా ఓగి అతని జెర్సీ మీద ‘సుజుకి’ తీయించి ‘ఇచిరో’ అని వేయించాడు. మన దగ్గర రావులూ రెడ్లూ ఎంతమందో అక్కడ సుజుకిలు అంతమంది మరి. ఆ ఏడాది 130 మ్యాచ్‌ల సీజన్‌లో కుర్రాడు 210 హిట్లు కొట్టాడు. జపాన్ ప్రొఫెషనల్ బేస్‌బాల్‌లో 200 దాటడం అదే మొదటిసారి. పత్రికలకి మాత్రం అతని యావరేజ్ మీదే ధ్యాస: .400 వస్తుందా, రాదా అని. చివరికి .385 దగ్గర ఆగింది.

ఇచిరో ఆలోచన వేరు. యావరేజ్ కిందికి కూడా పోతుంది. పైన ఉన్నవాడికి ఇంకోసారి బ్యాటింగ్‌కి వెళ్తే తగ్గుతుందేమోనన్న భయం పట్టుకుంటుంది. హిట్ల సంఖ్య అలా కాదు. ఎన్నిసార్లు అవుటైనా అది తగ్గదు, పెరిగితే పెరుగుతుంది, లేకపోతే అక్కడే ఉంటుంది. కాబట్టి హిట్లు లెక్కపెట్టుకునేవాడికి ఇంకో ఛాన్స్ వస్తే బాగుండుననే ఉంటుంది. తను యావరేజ్‌ని కాకుండా హిట్లనే పట్టించుకుంటానని చెబుతూ ఇచిరో ఇచ్చిన కారణం ఇదే.

వినడానికి చిన్న కిటుకులాగే ఉంటుంది. కానీ బ్యాటర్ల టెన్షన్‌లో సగం ఇక్కడే పుడుతుంది. యావరేజ్‌లో టాప్‌లో ఉన్నవాడు సీజన్ చివరి మ్యాచ్‌లలో ఏదో వంక పెట్టుకుని బెంచ్ మీద కూర్చోవడం బేస్‌బాల్‌లో కొత్తేమీ కాదు. టెడ్ విలియమ్స్ అలా కూర్చోలేదు. 1941 సీజన్ ఆఖరి రోజు పొద్దున అతని యావరేజ్ .39955. రౌండ్ చేస్తే .400 అయిపోతుంది, ఆడకపోయినా ఎవరూ అడగరు. ఫిలడెల్ఫియాలో ఆ రోజున్న రెండు మ్యాచ్‌లూ ఆడాడు. ఎనిమిదిలో ఆరు హిట్లు కొట్టి .406తో ముగించాడు. విలియమ్స్, ఇచిరో స్వభావాల్లో ఎక్కడా పోలిక లేదు, విలియమ్స్ కోపిష్టి, అభిమానులతోనే గొడవపడేవాడు. కానీ ఇంకో ఛాన్స్ వస్తే పారిపోకపోవడం ఇద్దరిలోనూ ఒకటే.

2001లో ఇచిరో సియాటెల్ వచ్చాడు. జపాన్ నుంచి పిచర్లు వచ్చారు గానీ, బ్యాటర్ అమెరికా పిచర్ల వేగాన్ని తట్టుకుంటాడా అని అప్పట్లో చాలామందికి అనుమానం. మొదటి సీజన్‌లోనే 242 హిట్లు, .350 యావరేజ్. రూకీ ఆఫ్ ద ఇయర్ (ఉత్తమ కొత్త ఆటగాడు), ఎంవీపీ (అత్యంత విలువైన ఆటగాడు) అవార్డులు రెండూ అదే ఏడాది. ఆ ఏడాదితో కలిపి వరసగా పదేళ్లు, 2010 వరకు, ఒక్క ఏడాదీ 200 హిట్లకి తగ్గలేదు. 2004లో 262 కొట్టి, జార్జ్ సిస్లర్ పేరిట 1920 నుంచీ ఉన్న 257 రికార్డు దాటాడు. అక్టోబర్ 1న ఆ రికార్డు దాటినప్పుడు నేను ఇంట్లో టీవీ ముందున్నాను. సిస్లర్ కూతురు స్టాండ్స్‌లోనే కూర్చుని ఉంటే, ఇచిరో మైదానం అంచుదాకా వెళ్లి ఆవిడకి వంగి చెయ్యి కలిపాడు. బేస్‌బాల్ మీద అప్పటిదాకా అంతంతమాత్రం ఆసక్తి ఉన్న నన్ను ఈ ఆటకి లాగింది ఆ రాత్రే.

తర్వాత ఎన్నోసార్లు స్టేడియంకి వెళ్లాను. నాకు నచ్చే సీట్లు రైట్ ఫీల్డ్ వెనకవి. ఇచిరో జెర్సీ నంబర్ 51 కాబట్టి అతను నిలబడే ఆ మూలని అభిమానులు ‘ఏరియా 51’ అనేవాళ్లు. అక్కణ్నుంచి చూస్తే టీవీలో కనిపించని ఇచిరో కనిపిస్తాడు. ఒక బంతికీ ఇంకో బంతికీ మధ్య మిగతా ఫీల్డర్లు చేతులు నడుముకి పెట్టుకుని నిలబడితే, ఇతను మోకాళ్లు వంచి భుజాలు తిప్పుతుంటాడు, కాళ్లు చాచుతుంటాడు. జట్టు చిత్తుగా ఓడిపోతున్నా, స్టాండ్స్ సగం ఖాళీ అయిపోయినా అంతే. బ్యాటింగ్‌కి వస్తే కుడిచేత్తో బ్యాట్‌ని పిచర్ వైపు నిటారుగా చాపి, ఎడంచేత్తో కుడి భుజం మీది చొక్కా లాక్కోవడం. ప్రతిసారీ అదే వరస, అదే తీరు. మొదట్లో ఇదంతా స్టైల్ కోసం అనుకునేవాణ్ని. చూడగా చూడగా అనిపించింది, కిందటిసారి హిట్ కొట్టాడో స్ట్రైక్ అవుటయ్యాడో (మూడు ఛాన్సుల్లోనూ కొట్టలేక అవుటవడం) ఆ కదలికల్లో ఆనవాలే ఉండదని. మ్యాచ్ మధ్యలో వచ్చి కూర్చున్నవాడు ఇచిరోని చూసి ఈ రోజు ఎలా ఆడుతున్నాడో చెప్పలేడు.

సామాన్ల విషయంలోనూ అంతే. గ్లవ్ తనే తుడుచుకునేవాడు. బ్యాట్ల చెక్కకి తేమ పట్టకుండా ప్రత్యేకమైన పెట్టెలో పెట్టుకునేవాడు. 2025 జులైలో హాల్ ఆఫ్ ఫేమ్ వేదిక మీద ఇంగ్లిష్‌లో మాట్లాడుతూ ఒక సంగతి చెప్పాడు: సీజన్ ఆఖరి మ్యాచ్‌లో ఆఖరి అవుట్ పడేదాకా తన సామాన్లు సర్దడం మొదలుపెట్టేవాడు కాదట. పది పరుగులు ముందున్నా, పది పరుగులు వెనకున్నా, టైం ఖర్చుపెట్టి చూడటానికి వచ్చిన మనిషికి అదే ఆట చూపించాలన్నాడు. ఓడిపోయే జట్లని ఏళ్లతరబడి చూసిన మాలాంటి సియాటెల్ వాళ్లకి ఆ మాట ఎక్కడ తగిలిందో వేరే చెప్పక్కర్లేదు. సెప్టెంబర్ వచ్చేసరికి మా జట్టులో చాలామంది మనసులు అప్పటికే సెలవుల్లో ఉండేవి.

ఇదంతా చదివితే ఇచిరోకి టెన్షనే లేదేమో, జెన్ సన్యాసిలాంటి వాడేమో అనిపిస్తుంది. అమెరికన్ మీడియా చాలాకాలం అలాగే రాసింది, నాకది చిరాకు. 2009 మార్చిలో దేశాల మధ్య ఆడే వరల్డ్ బేస్‌బాల్ క్లాసిక్ జరిగింది. ఆ టోర్నీలో ఇచిరో అస్సలు ఫామ్‌లో లేడు, జపాన్ మొత్తం అతని వైపే చూస్తోంది. లాస్ ఏంజెలెస్‌లో కొరియాతో ఫైనల్, పదో ఇన్నింగ్, స్కోర్లు సమం. అప్పుడు కొట్టిన హిట్‌తో రెండు పరుగులు వచ్చి జపాన్ 5-3తో గెలిచింది. సినిమా క్లైమాక్స్ అంటే అదే. కానీ రెండు వారాలు తిరక్కముందే కడుపులో అల్సర్ నుంచి రక్తం వస్తోందని డాక్టర్లు చెప్పారు. ఆ ఏడాది మెరైనర్స్ మొదటి 8 మ్యాచ్‌లు ఆడలేకపోయాడు. అల్సర్‌కి కారణం ఒత్తిడేనని నేను డాక్టర్‌లా తేల్చి చెప్పలేను. ఆ టోర్నీలో మనసు విరిగిపోయేంత పనైందని మాత్రం అతనే చెప్పుకున్నాడు. భయం లేకపోవడం ప్రొఫెషనల్ లక్షణం కాదు. భయం ఉండగానే రోజూ చేసే పని రోజూలాగే చెయ్యగలగడం వాళ్ల నైపుణ్యం. ఆ సీజన్ ముగిసేసరికి అతని హిట్లు 225.

నాలుగు వేల హిట్ల సంగతి కూడా చెప్పాలి. 2013 ఆగస్టులో, అప్పటికి న్యూయార్క్ యాంకీస్‌లో ఉన్నాడు, జపాన్‌వీ అమెరికావీ కలిపి 4000వ హిట్ కొట్టాడు. ఆ రోజు విలేకరులు రికార్డు గురించి అడిగితే అతను అవుటైన లెక్క తీశాడు. ఆ 4000 కోసం 8000 సార్లకి పైగా చేదు మింగానని, వాటిని ప్రతిసారీ తన పద్ధతిలో ఎదుర్కొన్నానని, గర్వపడాల్సింది ఏదైనా ఉంటే అదేనని అన్నాడు. హిట్లు లెక్కపెట్టుకునే మనిషి ఫెయిల్యూర్లు మర్చిపోయాడనుకునేవాళ్లకి ఆ జవాబు చాలు. మర్చిపోలేదు. వాటిని ఏ ఖాతాలో వెయ్యాలో తెలుసు, అంతే.

ఇప్పుడు ఇంకో వైపు. ఈ మైండ్‌సెట్‌కి ఖర్చు లేదని చెబితే అబద్ధం. 262 హిట్ల రికార్డు వచ్చిన 2004లో మెరైనర్స్ 99 మ్యాచ్‌లు ఓడారు. 2008లో 101 ఓడారు. తన హిట్లు తను చూసుకుంటాడు, జట్టు సంగతి పట్టదు అని జట్టులోనే కొందరికి కినుక ఉందని అప్పట్లో పత్రికల్లో వచ్చింది. ప్రాక్టీస్‌లో బంతుల్ని స్టాండ్స్‌లోకి పంపే మనిషి మ్యాచ్‌లో అన్నీ సింగిల్సే (మొదటి బేస్‌కే సరిపోయే హిట్లే) ఎందుకు కొడతాడని మా ఆఫీసులో కూడా వాదనలు నడిచేవి. అందులో కొంత నిజముంది. వాక్స్ (నాలుగు చెడ్డ బంతులు వదిలేస్తే ఊరికే దక్కే మొదటి బేస్) తీసుకోవడం అతనికి పెద్దగా ఇష్టముండేది కాదు, నాలుగు బాల్స్ కోసం ఆగే ఓపిక ఇంకాస్త ఉంటే జట్టుకి లాభమే. కానీ అతని పని లీడ్-ఆఫ్, అంటే ముందు బేస్ చేరడం. చేరిన వాణ్ని చివరి బేస్ (హోమ్) దాకా తెచ్చి పరుగు చేయించేవాళ్లు వెనక లేకపోతే ఆ తప్పు అతనిమీద వెయ్యడం నాకు అన్యాయమనిపించేది. ఇప్పటికీ ఈ విషయంలో నాతో వాదించే మిత్రులున్నారు.

చిన్నతనం సంగతి కూడా అంత అందంగా లేదు. నాగోయా పక్కన టొయొయామా అనే ఊళ్లో వాళ్ల నాన్న అతన్ని రోజూ ప్రాక్టీస్‌కి తీసుకెళ్లేవాడు. ఆరో తరగతిలో రాసిన వ్యాసంలో ఏడాదికి 365 రోజుల్లో 360 రోజులు కఠినంగా సాధన చేస్తున్నానని రాసుకున్నాడు. మన తెలుగు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఆ వ్యాసం అప్పుడప్పుడూ తిరుగుతుంటుంది, "చూశారా" అన్న వ్యాఖ్యతో. ఆ శిక్షణలో తను చాలా బాధపడ్డానని పెద్దయ్యాక ఇచిరో అన్న మాట మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చెయ్యరు.

పిచర్ల మనసు ఇంకో రకం. బ్యాటర్ ఫెయిలైతే పది ఫెయిల్యూర్లలో ఒకటి. చివరి ఇన్నింగ్‌లో ఆధిక్యం నిలబెట్టడానికి వచ్చే పిచర్‌ని క్లోజర్ అంటారు, అతను ఫెయిలైతే మ్యాచే పోతుంది, పేరు హెడ్‌లైన్‌లో పడుతుంది. పనామా నుంచి వచ్చిన మరియానో రివేరా యాంకీస్ తరఫున 652 మ్యాచ్‌లు అలా కాపాడాడు, ఆ లెక్కలో అతన్ని మించినవాళ్లు లేరు. వేసింది దాదాపు ఒకే రకం బంతి, కట్టర్. అలాంటివాడు 2001 వరల్డ్ సిరీస్ (ఛాంపియన్‌ని తేల్చే చివరి సిరీస్) ఏడో మ్యాచ్ ఆఖరి ఇన్నింగ్‌లో పట్టు జారవిడిచాడు. 2004లో బోస్టన్ మీద కూడా రెండు రాత్రులు అలాగే అయింది. మరుసటి ఏప్రిల్‌లో యాంకీస్ బోస్టన్ వెళ్లినప్పుడు, ఆటగాళ్లని పరిచయం చేస్తుంటే అక్కడి జనం రివేరా పేరు వినగానే వెక్కిరింతగా పెద్ద ఎత్తున చప్పట్లు కొట్టారు, మా గెలుపు నీ దయే అన్నట్టు. రివేరా మొహం ముడుచుకోలేదు. నవ్వి, టోపీ తీసి ఊపాడు. క్లోజర్ ఎలా ఉండాలని ఎవరైనా అడిగితే నేను చూపించే వీడియో అదే. 2019లో హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఒక్క ఓటు కూడా పోకుండా ఎన్నికైన మొదటి ఆటగాడు అతను. ఇచిరోకి 2025లో 394లో 393 వచ్చాయి. ఆ ఒక్క ఓటు వెయ్యని మనిషిని ఇంటికి పిలిచి కలిసి డ్రింక్ తాగాలనుందని ఇచిరో నవ్వుతూ అన్నాడు.

ఇంత చెప్పాక ఒక హెచ్చరిక కూడా అవసరం: మనసు గట్టిగా ఉంటే అన్నీ సాధ్యమనే మాట నమ్మకండి. రిక్ యాంకీల్ అని సెయింట్ లూయిస్ కార్డినల్స్‌కి గొప్ప ఎడంచేతి పిచర్ ఉండేవాడు. 2000 అక్టోబర్‌లో, 21 ఏళ్ల వయసులో, ప్లేఆఫ్ మ్యాచ్‌లో ఉన్నట్టుండి ఒకే ఇన్నింగ్‌లో 5 వైల్డ్ పిచ్‌లు వేశాడు. బంతి ఎటు పోతుందో అతనికే తెలియలేదు. చెయ్యి బాగానే ఉంది, ధైర్యం లేనివాడూ కాదు, కష్టపడని వాడు అంతకన్నా కాదు. పిచర్‌గా మళ్లీ కుదురుకోలేకపోయాడు. చివరికి పిచింగ్ మానేసి, ఔట్‌ఫీల్డర్‌గా కింది లీగుల నుంచి మళ్లీ మొదలుపెట్టి, 2007లో కార్డినల్స్‌కి తిరిగొచ్చి మొదటి మ్యాచ్‌లోనే హోమ్ రన్ కొట్టాడు. మైండ్‌సెట్ అంటే మోటివేషన్ వీడియోల్లో చెప్పేంత తేలికైతే అతనికి అంత దారి తిరగాల్సిన పనుండేది కాదు. ఆటగాళ్లు దీన్ని యిప్స్ అంటారు, డగౌట్‌లో ఆ మాట పలకడానికి కూడా జంకుతారు.

ఇక మాలాంటి మామూలు వాళ్ల సంగతి. మా అబ్బాయి ఆడిన రోజుల్లో మైదానం పక్కన తెలుగు నాన్నలు కనీసం నలుగురుండేవాళ్లం. "గట్టిగా కొట్టరా!" అని అరవడమే మా కోచింగ్. పిల్లాడు స్ట్రైక్ అవుటై కళ్లనీళ్లతో వస్తే కారులో దారిపొడుగునా పాఠం. వాళ్ల కోచ్ నెమ్మదైన మనిషి, ఒకరోజు మా చేతికో కాగితం ఇచ్చాడు. అందులో హిట్ల కాలమ్ లేదు. బంతిని గట్టిగా తగిలించాడా, పిచర్ చేత ఆరు బంతులో అంతకన్నా ఎక్కువో వేయించాడా, చెడ్డ బంతిని వదిలేశాడా అని మాత్రమే గుర్తులు పెట్టాలి. గట్టిగా కొట్టిన బంతి ఫీల్డర్ చేతిలో పడినా అందులో మంచి మార్కే. పెద్ద జట్లలో కూడా దాదాపు ఇలాంటి లెక్కే వాడతారు, క్వాలిటీ అట్-బ్యాట్స్ అంటారు. మ్యాచ్ గురించి పిల్లాడు ఎత్తితే తప్ప కారులో మీరు ఎత్తొద్దని కూడా చెప్పాడు. నాలుగేసి డిగ్రీలున్న నాన్నలం, పాటించడానికి మాకే ఎక్కువ కష్టమైంది. మావాడు పెద్ద ఆటగాడేం కాలేదు, హైస్కూల్‌కి వచ్చేసరికి రోబోటిక్స్‌లోకి వెళ్లిపోయాడు. కానీ సీజన్ మధ్యకి వచ్చేసరికి ఏడవడం మానేశాడు, అవుటై వచ్చి "ఏడు బంతులు వేయించా" అని చెప్పేవాడు.

మీరు అడిగినదాన్ని స్వయంగా చూడాలనుంటే హోమ్ రన్ల హైలైట్స్ చూడకండి, వాటిలో ఏమీ దొరకదు. పూర్తి మ్యాచ్ ఒకటి పెట్టుకుని, ఒక బ్యాటర్‌ని ఎంచుకుని, అవుటై వెనక్కి నడిచొచ్చేటప్పుడు, మళ్లీ తన వంతు వచ్చేటప్పుడు అతన్నే గమనించండి. సియాటెల్‌లో రాత్రి జరిగే మ్యాచ్‌లు మన దేశంలో పొద్దున ఏడు దాటాక మొదలవుతాయి, కాఫీ టైంకి సరిపోతాయి. అమెరికా పడమటి తీరంలో ఉన్నవాళ్లయితే మామూలు వర్కింగ్ డే టికెట్ కొనుక్కుని, మ్యాచ్ కన్నా బాగా ముందే వెళ్లండి. 2019లో టోక్యో డోమ్‌లో రిటైరయ్యాక కూడా ఇచిరో మెరైనర్స్‌తోనే ఉన్నాడు. మ్యాచ్‌కి ముందు పూర్తి యూనిఫాంలో మైదానంలోకి దిగి కుర్రాళ్లతో పాటు పరిగెత్తుతుంటాడు, బంతులు విసురుతుంటాడు.